సిందులిన్ పెళ్లి, ఆరు జేగంటలు

ఎన్నికల ప్రకటన వెలువడిన నాలుగో రోజున, ఉదయం పదింటికి, మా తొగురున్ గ్రామస్థులు ఆరు జేగంటలతోనూ ఒక డప్పుతోనూ ఎదురేగి, మెడలో పూసల దండ వేసి, సభ జరిగే హాలు దాకా ఊరేగించి తీసుకొచ్చిన పెద్దమనిషి కరెంటు మీటర్లు చూసుకుపోవడానికి వచ్చినవాడు.

మావాళ్లని తప్పుపట్టడానికి లేదు. అతను తెల్ల పికప్పు బండిలో వచ్చాడు. కాలరున్న చొక్కా వేసుకున్నాడు. చేతిలో అట్ట, అట్ట మీద కాగితాలు. మలేసియాలోని మా సబా రాష్ట్రంలో ఎన్నికలప్పుడు అలాంటి మనిషిని చూసి అభ్యర్థి అనుకోకపోతే అది అమర్యాద. పైగా అతనూ కాదనలేదు. తరవాత ఎవరో అడిగితే, "ప్రతి ఊళ్లోనూ నాకు కుక్కలు ఎదురొస్తాయి. ఇక్కడ మనుషులు ఎదురొచ్చారు. ఎందుకు కాదనాలి?" అన్నాడట. జాడీ ముందు కూర్చుని వెదురు గొట్టంతో తపాయ్, అంటే మా బియ్యపు కల్లు, మర్యాద చెడకుండా పీల్చాడు. చేతులు గద్ద రెక్కల్లా చాపి మాతో సమానంగా సుమజావ్ నాట్యం చేశాడు. రెండు మాటలు మాట్లాడమంటే, "సమస్యలేమైనా ఉంటే రాసివ్వండి, పైవాళ్లకి పంపిస్తాను" అని కూర్చున్నాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. గడిచిన మూడు ఎన్నికల్లో అంత క్లుప్తంగా మాట్లాడినవాడు లేడు.

అసలు అభ్యర్థి గంట తరవాత వచ్చాడు. అప్పటికి వాయిద్యగాళ్ల చేతులు పడిపోయాయి. జాడీలో నీళ్లు తప్ప సరుకు లేదు. కూర్చున్నచోటు నుంచే మూడు దెబ్బలు కొట్టి సరిపెట్టారు. ఆ వచ్చినవాడు మేళంలో ఒక జేగంట వాయించే మజింబున్‌కి స్వయానా బావమరిది. మజింబున్ చట్రానికి వేలాడుతున్న తన జేగంట తాడు విప్పి, చంకలో పెట్టుకుని ఇంటికి పోయాడు.

ఆ తాడు విప్పడం వల్ల అసలు కష్టం వచ్చిపడింది సిందులిన్‌కి. నేను చెప్పబోయేది అతని సంగతే.

సిందులిన్‌కి అరవై మూడేళ్లు. రబ్బరు చెట్లు గీస్తాడు, కాస్త వరి పండిస్తాడు. భార్య పోయి పదకొండేళ్లయింది. ఊళ్లో చిన్నవాళ్లందరికీ అతను అకీ, అంటే తాత. ఎత్తు తక్కువ, చెవులు పెద్దవి. ఎవరేమడిగినా కాదనలేకపోవడం అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఒకసారి ఇన్సూరెన్స్ మనిషి వస్తే తనకి లేని మోటారు సైకిలుకి ఇన్సూరెన్స్ చేయించుకున్నాడు.

ఊరి జేగంటలు ఎవరి దగ్గర ఎలా ఉన్నాయో చెప్పాలి. అవి సిందులిన్ తాతగారివి. ఆ తాతగారికి ఏడుగురు పిల్లలు. పోయేముందు ఆయన తలా ఒక జేగంట ఇచ్చాడు. జేగంటలు ఆరే కాబట్టి పెద్దకొడుక్కి డప్పు మిగిలింది. ఆ పెద్దకొడుకు కొడుకే మన సిందులిన్. అలా ఒక్క మేళం ఏడిళ్లకి చేరింది. ఒక్కో ఇంట్లో ఉన్నది ఒక్కో ధ్వని. ఒకటి అడిగితే రెండోది జవాబు చెప్తుంది, మూడోది మధ్యలో దూరుతుంది, పెద్దది అందర్నీ సర్దుతుంది. ఏ ఒక్కటీ ఒంటరిగా పాట కాదు. పెళ్లయినా, చావయినా, కోతల పండగయినా, సిందులిన్ ఒంటిచక్రం తోపుడుబండి తీసుకుని ఆరిళ్లకీ తిరిగి జేగంటలు పోగుచేసి, పని అయ్యాక మళ్లీ ఆరిళ్లకీ దింపి వస్తాడు. ఇలాంటి ఏర్పాటుని నేను బడిలో పిల్లలకి సమాఖ్య అని చెప్తాను. మా ఊళ్లో దాన్ని సిందులిన్ తోపుడుబండి అంటారు.

పండగలకీ పెళ్లిళ్లకీ ఈ ఏర్పాటు ఎన్నడూ చెడలేదు. ఎన్నికలకి కూడా చెడేది కాదు. పూర్వం మా దగ్గర రెండే పార్టీలు. మేళం ఇవాళ వీళ్లకి వాయిస్తే రేపు వాళ్లకి వాయించేది, ఎవరి కల్లు వాళ్లు పోసేవాళ్లు, అంతటితో సరి. ఈసారి మా అసెంబ్లీ స్థానానికి తొమ్మిదిమంది నిలబడ్డారు. తొమ్మిదిమందివీ తొమ్మిది పార్టీలు. అందులో ఆరుగురికి మా ఊళ్లో చుట్టరికం, సరిగ్గా ఆ ఆరిళ్లలో.

"మొన్న పార్లమెంటు ఎన్నికలకి ముగ్గురే కదా నిలబడ్డది? రెండేళ్లలో ఇంతమంది నాయకులు ఎక్కడ పుట్టారు?" అని నేను కాఫీకొట్లో అడిగితే సిందులిన్ ఓపిగ్గా చెప్పాడు.

"మాస్టారూ, పార్లమెంటంటే కౌలాలంపూర్. సముద్రం దాటాలి, విమానం ఎక్కాలి. ఒక్కడు ఎక్కాలంటే పదూళ్లవాళ్లు కలిసి తొయ్యాలి. అందుకని అందరూ ఒకచోట సర్దుకుంటారు. అసెంబ్లీ అంటే కోటా కినబాలు. మూడు గంటల దారి, పికప్పు చాలు. పికప్పు ప్రతి ఇంట్లోనూ ఉంది."

"మరి పూర్వం కూడా అసెంబ్లీ అక్కడే ఉండేది కదా?"

"అప్పుడు అక్కడ ఏం పెట్టి ఏడ్చారు? అన్నీ కౌలాలంపూరే చూసుకునేది. ఇప్పుడు భూమి కాగితం, అడవి, కల్వర్టు, అన్నీ ఇక్కడే తేలుస్తున్నారట. దగ్గర్లో వంట అవుతుంటే అందరూ కంచం తెచ్చుకోరూ? మొన్న మా సుమిన్ అత్త మనవడు కూడా పార్టీ పెట్టాడు. వాడి ఆఫీసు వాడి కారు వెనకసీటు."

మజింబున్ జేగంట పట్టుకుపోయాడని తెలిసి, మర్నాడు లొజుంగా తనది పట్టుకుపోయాడు. ఎందుకంటే లొజుంగాకీ మజింబున్‌కీ పడదు. పడకపోవడం వాళ్ల తప్పు కాదు, ప్రభుత్వాలది. మజింబున్ రాష్ట్రప్రభుత్వం వేసిన గ్రామపెద్ద. లొజుంగా కేంద్రప్రభుత్వం వేసిన గ్రామపెద్ద. ఒకప్పుడు అక్కడొక పార్టీ, ఇక్కడొక పార్టీ ఉన్నప్పుడు ఎవరి పెద్దని వాళ్లు వేసుకున్నారు. తరవాత పైవాళ్లు రాజీపడ్డారు, విడిపోయారు, మళ్లీ రాజీపడ్డారు. ఈ ఇద్దర్నీ తీసెయ్యడం మటుకు మరిచిపోయారు. ఇద్దరిళ్లూ రోడ్డుకి ఇటూ అటూ. ఇద్దరి గుమ్మాల ముందూ చెరొక నోటీసు బోర్డు. దోమలమందు కొట్టే తేదీ రెండు బోర్డుల మీదా ఉంటుంది, ఒక్కరోజు తేడాతో. ఆ ఒక్కరోజూ దోమలు రోడ్డు దాటి అవతలివైపు విశ్రాంతి తీసుకుంటాయని మా ఆవిడ నమ్మకం.

వారం తిరిగేసరికి ఆరు జేగంటలూ ఆరు బళ్లెక్కాయి. మామూలుగా అభ్యర్థి వెంట మేళం ఉండాలి. ఇప్పుడు ఒక్కో అభ్యర్థి వెంట ఒక్కో జేగంట. డంగ్... కాసేపాగి, డంగ్. మొదటిరోజు ఆ చప్పుడుకి ఆడవాళ్లు చేపలబండి అనుకుని గిన్నెలు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. అభ్యర్థి ఆ గిన్నెలు చూసి కరపత్రాలు వాటిలోనే వేశాడు. ఇక మా బడి పక్కనుంచి బండి వెళ్లినప్పుడల్లా పిల్లలు బెల్లు కొట్టారని బయటికి పరిగెత్తేవాళ్లు. ఆ వారంలో నావి మూడు లెక్కల పీరియడ్లు అలాగే పోయాయి. పిల్లలకి ఓటుంటే జేగంట ఎక్కువ తిప్పినవాణ్ణి ఏకగ్రీవంగా గెలిపించేవాళ్లు.

ఇందులో సిందులిన్‌కి వచ్చిన కష్టం ఏమిటంటే, అతనికి పెళ్లి కుదిరింది.

పెళ్లికూతురు రూపినా. యాభై ఏడేళ్ల విధవరాలు. గురువారం సంతలో అడవిమామిడి ఊరగాయ, పులియబెట్టిన చేప సీసాల్లో పెట్టి అమ్ముతుంది. సిందులిన్ రెండేళ్ల పాటు ప్రతి గురువారం ఆమె దగ్గర ఒక సీసా కొన్నాడు. రెండేళ్ల తరవాత ఒకరోజు ఆమె సీసా చేతికివ్వకుండా పట్టుకుని అడిగింది.

"నీకు పులుపు పడదని మీ చెల్లెలు చెప్పింది. ఇన్ని సీసాలు ఏం చేస్తున్నావ్?"

"వరసగా పెట్టుకున్నా."

"ఒక్కటీ తినలేదా?"

"ఒకటి తిన్నా. నాలుగు రోజులు మంచం మీదున్నా."

"అయితే మిగతావన్నీ వెనక్కి తెచ్చెయ్. వాటితోపాటు నువ్వూ వచ్చెయ్."

మా వైపు ఇంతకంటే తియ్యగా ఎవరూ అడగరు. అతను నూట మూడు సీసాలు తోపుడుబండిలో పెట్టుకుని వెళ్లాడు. రూపినా సీసాలు దించుకుని ఒక్క షరతు పెట్టింది.

"నా మొదటి పెళ్లికి జేగంటలు లేవు. వానాకాలమని టేపు రికార్డర్ పెట్టారు. సగం దారిలో బ్యాటరీ అయిపోయి పాట ఏడుపులా సాగింది. మా అత్తగారు అపశకునమంది, ఇరవై ఏళ్లు అంటూనే ఉంది. ఈసారి ఆరు జేగంటలూ, డప్పూ మోగాలి. ఐదు మోగితే నేను సంతకి పోతాను."

"ఆరూ మోగుతాయి" అన్నాడు సిందులిన్. అప్పటికి ఎన్నికల ఊసే లేదు.

ముహూర్తం జరపడానికి వీల్లేదు. ఫాదర్ కాస్మస్ పదకొండు కొండచర్చిలు చూసుకుంటాడు. మా చర్చికి నెలకొక్క శనివారం వస్తాడు. ఆ శనివారం దాటితే వచ్చే బుధవారం నుంచి ఉపవాసకాలం, ఈస్టరు దాకా పెళ్లిళ్లు చెయ్యరు. పోలింగు ఆ పై శనివారం. ఈస్టరు తరవాత చేసుకుందామా అని సిందులిన్ భయపడుతూ అడిగితే రూపినా, "నాకిప్పుడు బుద్ధి పుట్టింది. ఈస్టరుకి ఏం పుడుతుందో నాకేం తెలుసు?" అంది.

అంచేత సిందులిన్ తోపుడుబండి తీసుకుని బయల్దేరాడు. ముందు మజింబున్ ఇంటికి.

"తమ్ముడూ, శనివారం పెళ్లి. జేగంట కావాలి."

"ఇవ్వకపోవడమేమిటన్నా? నీ తాతదే కదా, నా తాతది. కానీ పరాయి పార్టీవాడి పెళ్లికి ఇచ్చానని తెలిస్తే మా బావమరిది మొహం చూపిస్తాడా?"

"నేను పరాయి పార్టీవాణ్ణి ఎలా అయ్యానురా?"

"మరి ఏ పార్టీ నువ్వు?"

"ఏదీ కాదు."

"ఏదీ కాదంటే మాది కాదనేగా?"

మజింబున్ బల్ల సొరుగులోంచి పార్టీ సభ్యత్వపు ఫారం తీశాడు. సిందులిన్ సంతకం పెట్టాడు. శాఖలో పదవులన్నీ నిండిపోయాయి గానీ సలహాదారు పదవి ఖాళీగా ఉందని మజింబున్ అది కూడా ఇచ్చాడు.

రోడ్డు దాటి లొజుంగా ఇంటికి వెళ్లేసరికి లొజుంగా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"అన్నా, వాడింట్లో అరగంట కూర్చున్నావు. నేను చూస్తూనే ఉన్నా. మా ఇంట్లో ముప్పావుగంట కూర్చోవాలి."

"కూర్చుంటాలేరా. జేగంట..."

"ముందు కూర్చో."

ముప్పావుగంట కూర్చున్నాక అక్కడ అతను శాఖ ఉపాధ్యక్షుడయ్యాడు.

సుమిన్ అత్తకి ఎనభై నాలుగేళ్లు. ఆ ఏడుగురు సంతానంలో మిగిలినది ఆవిడ ఒక్కతే. మనవడు దించి వెళ్లినప్పుడల్లా ఆవిడ జేగంటని పొదిగేకోడి మీద బోర్లించి ఉంచుతుంది.

"ఒరే సిందూ, జేగంట తీసుకుపో. కోడికి బుట్ట తెచ్చిచ్చి మరీ తీసుకుపో. కానీ మావాడి పార్టీలో చేరు. ఇప్పటికి వాడూ, వాళ్లమ్మా, నేనూ ఉన్నాం. నువ్వు చేరితే నలుగురమవుతాం, పేకాటకి చేయి కుదురుతుంది."

"పార్టీకి సిద్ధాంతం ఏమిటత్తా?"

"వాడికి ఉద్యోగం లేదురా" అంది ఆవిడ.

మిగతా మూడిళ్లలోనూ ఇదే తంతు. ఫారాలకి గుర్తింపు కార్డు నకళ్లు జతచెయ్యాలి కదా, అందుకని అతను బడికి వచ్చాడు.

"మాస్టారూ, దీనికి ఆరు నకళ్లు తీసిపెడతారా?"

"ఆరెందుకు అకీ?"

"పెళ్లికోసం" అన్నాడు అబద్ధం లేకుండా.

చర్చికి కావాలేమో అనుకుని తీసిచ్చాను. కాగితం బడిది. ఈ విషయంలో నా పాపం అంతవరకే.

శనివారం వచ్చింది. మబ్బు లేదు. చర్చి ముందు వెదురుచట్రం కట్టారు. తోపుడుబండి ఆరు విడతలు తిరిగింది. ఆరు జేగంటలూ వరసగా వేలాడాయి, ఒక్కోదానికి ఒక్కో పార్టీ రిబ్బను కట్టి. పార్టీల రంగులు ఎంత దగ్గరదగ్గరగా ఉంటాయంటే, మూడు నీలాల్లో ఏది ఎవరిదో వాళ్లకే తెలియక ఒకసారి విప్పి మార్చుకున్నారు. సిందులిన్ నల్లచొక్కా, బంగారు జరీ అంచు, తలకి ముక్కోణపు పాగా. పెళ్లికొడుకు నాట్యం చెయ్యాలి కాబట్టి డప్పు నా చేతికిచ్చాడు. ఆ డప్పు గురించి మా ఊళ్లో ఇంతవరకూ ఎవరూ నా దగ్గర ప్రస్తావించలేదు. అది వాళ్ల సంస్కారం.

రూపినా చర్చి మెట్ల మీద గొడుగేసుకుని నిలబడింది. ఫాదర్ కాస్మస్ పూజావస్త్రాలు వేసుకుని గుమ్మంలో ఉన్నాడు.

"లోపలికి రా తల్లీ. నాకు మధ్యాహ్నం అవతలి కొండ మీద రెండు బాప్టిజాలున్నాయి."

"ముందు వినాలి ఫాదర్. లోపలికెళ్లాక ఇంక వినేదేముంది?"

సిందులిన్ చెయ్యెత్తాడు. నేను డప్పు మొదలుపెట్టాను. పెద్ద జేగంట మోగింది, దాని వెనక ఇంకోటి, ఇంకోటి. నాలుగు అందుకున్నాయి. ఇక మిగిలినవి మధ్యలో ఉన్న రెండు, మజింబున్‌దీ లొజుంగాదీ. పాట నడిచేది ఆ రెంటి మీదే. ఒకటి అడగాలి, ఒకటి చెప్పాలి. అడిగేది ముందు మోగుతుంది, చెప్పేది తరవాత. తాతల కాలం నుంచీ అంతే.

మజింబున్ ముందు కొట్టాడు. లొజుంగా కూడా ముందే కొట్టాడు. రెండూ ఒకేసారి ధన్‌మన్నాయి. పాట కాలు జారి పడ్డట్టయి ఆగిపోయింది.

"మళ్లీ" అన్నాడు సిందులిన్.

మళ్లీ ఇద్దరూ ఒకేసారి.

"లొజుంగా, నువ్వు జవాబు చెప్పాలిరా. మీ నాన్న కూడా జవాబే చెప్పేవాడు."

"మా నాన్న గ్రామపెద్ద కాదన్నా. కేంద్రం వేసిన పెద్ద, రాష్ట్రం వేసిన పెద్ద అడిగినదానికి జవాబు చెప్తాడా? ఊరంతా చూస్తున్నారు."

"అయితే నువ్వే అడగరా, వాడు చెప్తాడు."

"ఎవరు చెప్పేది?" అన్నాడు మజింబున్. "ఈ భూమి ఎవరిది? రాష్ట్రానిది. ఈ చర్చి ఏ భూమిలో ఉంది? కేంద్రానికి నేను జవాబు చెప్పాలా? వాళ్లు చెప్పాలి మాకు. బడి కప్పు కారుతోందని మూడేళ్ల నుంచి అడుగుతున్నాం!"

ఇది నాకు కొంత ఆసక్తి ఉన్న విషయమే గానీ, డప్పు పట్టుకుని మాట్లాడకూడదు.

మెట్ల మీద రూపినా గొడుగు మూసింది. గొడుగు మూసి చంకలో పెట్టుకుందంటే ఆ మనిషి ఎక్కడికో బయల్దేరుతున్నట్టు. "నాలుగే విన్నాను" అంది పైనుంచి. "ఇవాళ సంత లేదు గానీ, ఇంట్లో చేపలు శుభ్రం చేసుకునేవి ఉన్నాయి."

ఫాదర్ కాస్మస్ వాచీ చూసుకున్నాడు.

సిందులిన్ మొహం నేను చూశాను. జీవితమంతా అందరికీ సరేనన్న మనిషి, తనకి ఒక్కరు సరేనంటే చాలునని నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది. అతను జేబులో చెయ్యి పెట్టాడు. రబ్బరుబ్యాండు వేసిన చిన్న కట్ట తీశాడు. అందులోంచి ఒక పార్టీ సభ్యత్వ కార్డు లాగి మజింబున్ దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పాడు. చెవిలో చెప్పడమంటే, చెట్ల మధ్య దూరంగా ఉన్నవాళ్లతో మాట్లాడి అలవాటైన గొంతు అది.

"తమ్ముడూ, నేను మీ శాఖ సలహాదారునా, కాదా?"

"అవునన్నా."

"అయితే సలహా ఇస్తున్నా. రెండో దెబ్బ నువ్వు తీసుకో. ముందు మోగింది ఎవడికి గుర్తుంటుంది? చివర చెవిలో మిగిలిందే ఓటేసేదాకా మిగుల్తుంది."

మజింబున్ ఆలోచించాడు. "అది నిజమే" అన్నాడు.

సిందులిన్ ఇంకో కార్డు లాగి లొజుంగా దగ్గరికి వెళ్లాడు.

"నేను మీ శాఖ ఉపాధ్యక్షుణ్ణేనా?"

"నీ పేరు బోర్డు మీద కూడా రాయించానన్నా."

"అయితే ఉపాధ్యక్షుడు చెప్తున్నాడు, మొదటి దెబ్బ నీది. కొట్టు!"

ఉపాధ్యక్షుడి మాట కదా, లొజుంగా చెయ్యి దానంతటదే లేచింది. ధన్. మజింబున్ చెయ్యి దాని వెనకే పడింది. ధిన్. మిగతా నాలుగూ అందుకున్నాయి. నేనూ ఏదో చేశాను.

ఆ తరవాత రెండు మూడు నిమిషాలకి లొజుంగా కళ్లు పెద్దవయ్యాయి. చర్చి ఆవరణ చిన్నది. సలహాదారు సంగతి లొజుంగా విన్నాడు, ఉపాధ్యక్షుడి సంగతి మజింబున్ విన్నాడు, కట్టలో కార్డులు రెండు కాదని అందరూ చూశారు. సుమిన్ అత్త మనవడు కొడుతూనే పక్కవాణ్ణి మీలోనూ ఉన్నాడా అని అడిగాడు, పక్కవాడు కొడుతూనే ఔనని తల ఊపాడు, ఆ మాట చట్రం ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లింది. ఆరు మొహాలూ ఒకేలా మాడాయి. కానీ మాకొక నియమం ఉంది. నాట్యం ఆగేదాకా మేళం ఆపకూడదు. మధ్యలో ఆపినవాడి ఇంటి జేగంట మూగదవుతుందంటారు. నిజమో కాదో ఎవరూ ఇంతవరకూ పరీక్షించలేదు.

ఆ నియమం సిందులిన్‌కి బాగా తెలుసు. అందుకని అతను నాట్యం ఆపలేదు.

రూపినా గొడుగు ఫాదర్ చేతికిచ్చి మెట్లు దిగి వచ్చింది. చేతులు చాపి అతని ఎదురుగా అడుగేసింది. ఆమె కళ్లనిండా నీళ్లు, పెదాలు మాత్రం ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెడుతూనే ఉన్నాయి. ఆరు దాకా వచ్చాక లెక్క మానేసింది. పావుగంట అయింది. చుట్టాలు కలిశారు. పెళ్లికి వచ్చిన అభ్యర్థులూ కలిశారు, జేగంట కొడుతున్న సుమిన్ అత్త మనవడు తప్ప ఎనిమిదిమందీ. జేగంటలు లేని ముగ్గురు అభ్యర్థులు అందరికంటే బాగా ఆడారు. వారం తరవాత ఆ ముగ్గురిలోనే ఒకడు ఇరవై రెండు ఓట్ల తేడాతో గెలిచాడు. దానికీ దీనికీ సంబంధం ఉందని నేను అనను.

అరగంట అయింది. కూడినవాళ్లు ఒక్కొక్కరే పక్కకి తప్పుకున్నారు. రూపినా ఆయాసపడుతూ, "ఇంక చాలు, విన్నాను, లోపలికి పద" అంది. సిందులిన్ ఇంకొంచెం అన్నట్టు తల ఊపి చేతులు చాపుకుని అటు తిరిగాడు. చట్రం దగ్గర ఆరుగురు చెమటలు కక్కుతూ కొడుతున్నారు, అతనివైపే చూస్తూ.

"సిందులిన్!" అని ఫాదర్ కాస్మస్ మెట్ల మీదనుంచి అరిచాడు. "ఆవిడ ఒప్పుకుంది నాయనా! నువ్వు కూడా ఒప్పుకుంటే పెళ్లి చేద్దాం!"

సిందులిన్ ఆడుతూనే దణ్ణం పెట్టాడు.

యాభయ్యో నిమిషంలో అతని కుడిమోకాలు ముందు ఆగింది. ఎడమది కాసేపు ఒంటరిగా ప్రయత్నించి అదీ ఆగింది. అతను చర్చి మెట్టు మీద కూలబడ్డాడు. మేళం ఆగింది. రూపినా పక్కన కూర్చుని చేతిగుడ్డతో అతని మెడ తుడవసాగింది.

ఆరుగురూ జేగంటల కర్రలు చేతుల్లో పట్టుకునే వచ్చారు. అసెంబ్లీ రద్దయ్యాక వాళ్లు ఆరుగురూ ఒకేవైపు నిలబడటం, ఒకేమాట మీద ఉండటం నేను చూడటం అదే మొదలు. మజింబున్, లొజుంగా భుజాలు తగులుకుని ఉన్నారు. మాట్లాడే పని మజింబున్‌కి ఒప్పజెప్పారు.

"అన్నా, నువ్వు మాకు సలహాదారువి. వీళ్లకి ఉపాధ్యక్షుడివి. సుమిన్ అత్త పార్టీలో నాలుగోవాడివి. ఇంకా మూడు పార్టీల కార్డులు నీ జేబులో ఉన్నాయి. పెద్దవాడివని నమ్మి సంతకం పెట్టించుకున్నాం. ఆరిళ్లవాళ్లనీ ఇంత మోసం చెయ్యొచ్చా, చెప్పు?"

సిందులిన్ రూపినా చెయ్యి పట్టుకుని మెల్లిగా లేచాడు.

"మీరు ఆరుగురూ ఒక్క పార్టీలో ఉండుంటే, నేను ఒక్క కార్డుతోనే పెళ్లి చేసుకునేవాణ్ణి కదరా తమ్ముడూ" అన్నాడు.